కల్పిత అంతరిక్ష దళానికి సెయిలర్ల శిక్షణ తయారు చేసిన నా అనుభవం

తెలుగులో రాస్తున్న ఒక సైన్స్ ఫిక్షన్ కథల వరుసకి అంతరిక్ష నౌకాదళం ఒకటి కావాల్సి వచ్చింది. ఆఫీసర్ల అకాడమీ గురించి రాస్తామని చాలామందే ముందుకొచ్చారు. వాల్వు తిప్పేవాడు, తలుపు మూసేవాడు, రాత్రి వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, గేజి చూసేవాడు ఎలా తయారవుతాడన్న భాగం నేను తీసుకున్నాను. నౌకాదళం ఇంజనీరింగ్ బ్రాంచిలో సెయిలర్‌గా చేసినవాణ్ణి కాబట్టి ఆ మనిషి నాకు తెలుసు. సిలబస్ ఎలా కట్టామో, కాగితం మీద ఆడి చూసినప్పుడు ఎక్కడ తేడా కొట్టిందో, దేన్ని ఎందుకు మార్చామో రాస్తున్నాను. ఇలాంటి కథో ఆటో రాసుకునేవాళ్లు ఇందులోంచి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు నౌక కొలతలు తేల్చుకోవాలి. అవి లేకుండా శిక్షణ రాస్తే అంతా పరేడ్ గ్రౌండ్ వర్ణనే అవుతుంది. మా నౌకలో 120 మంది. కృత్రిమ గురుత్వం లేదు. ఇంజన్ మండుతున్నంతసేపు కొద్దిగా బరువు తెలుస్తుంది, మిగతా అంతా తేలడమే. ఒక్కో కంపార్ట్‌మెంట్ 100 ఘనపు మీటర్లు. హ్యాచ్ తలుపు గుండ్రంగా, 80 సెంటీమీటర్ల వెడల్పు. లోపలి గాలి పీడనం 70 కిలోపాస్కల్స్, అందులో ఆక్సిజన్ 30 శాతం.

ఈ 70 అన్న అంకె మీద చాలా చర్చ జరిగింది. నేల మీద గాలి పీడనం 101. అంతే పీడనం నౌకలో ఉంచితే ఊపిరికి హాయి, కానీ స్పేస్‌సూట్ తొడుక్కునేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమెరికా సూట్లు దాదాపు 30 కిలోపాస్కల్స్ దగ్గర, పూర్తి ఆక్సిజన్‌తో పనిచేస్తాయి. సూట్‌లో అంతకన్నా ఎక్కువ పీడనం పెడితే గట్టిపడిపోయి వేళ్లు ముడవడమే కష్టమవుతుంది. 101 నుంచి ఒక్కసారిగా 30కి దిగితే ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది. లోతు నుంచి గబుక్కున పైకొచ్చిన డైవర్‌కి వచ్చే జబ్బే ఇది. అది రాకుండా గంటల తరబడి ఆక్సిజన్ పీలుస్తూ కూర్చోవాలి. అందుకే అమెరికా స్పేస్ షటిల్ రోజుల్లో స్పేస్‌వాక్‌కి ముందు క్యాబిన్ పీడనాన్ని 70కి దించేవారు. మేం నౌక అంతటా ఎప్పుడూ 70 ఉండేలా పెట్టుకున్నాం. పీడనం తగ్గించినప్పుడు ఊపిరి ఆడాలంటే ఆక్సిజన్ శాతం పెంచాలి, పెంచిన కొద్దీ నిప్పుకి బలం. 1967 జనవరి 27న అపోలో 1లో ముగ్గురు వ్యోమగాములు లాంచ్‌ప్యాడ్ మీదే చనిపోయారు. క్యాబిన్ నిండా ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజనే ఆ మంటని అంత భయంకరం చేసింది. మేం 30 శాతం దగ్గర ఆగాం. దాంతో సిలబస్‌లో నిప్పుకి ఎక్కువ రోజులు ఇవ్వక తప్పలేదు.

తర్వాత వరస. మామూలుగా ఇలాంటి శిక్షణ రాసేవాళ్లు ఆయుధాలతో మొదలుపెడతారు. మేం ఒకే ప్రశ్న పెట్టుకున్నాం: ఈ నౌకలో మనిషిని ఏది ఎంత తొందరగా చంపుతుంది? శూన్యం సెకన్లలో, పొగ నిమిషాల్లో, కార్బన్ డయాక్సైడ్ గంటల్లో, సరిగ్గా చేయని మెయింటెనెన్స్ రోజుల్లో. శిక్షణ వరస కూడా అదే. ట్రేడ్, అంటే ఇంజన్, ఎలక్ట్రికల్, ఆయుధాలు, వంటగది, ఏదైనా సరే, ఇవన్నీ అయ్యాకే.

ప్రతి ట్రేడ్‌వాడికీ ఇదంతా ఎందుకన్న వాదన వచ్చింది. ప్రత్యేకమైన ఫైర్ టీం ఉంటే చాలదా అన్నారు. దానికి జవాబు 1967 జూలై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ మీద దొరుకుతుంది. డెక్ మీద మంట లేచిన నిమిషంన్నరకే బాంబు పేలి, శిక్షణ ఉన్న ఫైర్ టీంలో ఎక్కువమంది పోయారు. తర్వాత పైపులు పట్టినవాళ్లకి ధైర్యం ఉంది, శిక్షణ లేదు. ఒకరు ఫోమ్ కొడుతుంటే పక్కవాళ్లు నీళ్లు కొట్టి ఆ ఫోమ్‌ని కడిగేశారు. 134 మంది చనిపోయారు. తర్వాత అమెరికా నౌకాదళం మంటలార్పే శిక్షణని నావికులందరికీ తప్పనిసరి చేసింది. మన లోణావ్లాలో ఐఎన్‌ఎస్ శివాజీలోని డ్యామేజ్ కంట్రోల్ స్కూల్లోనూ ఇదే పద్ధతి: ఒరిగే నౌక నమూనాలోకి నీళ్లు వదులుతారు, లోపలున్నవాడి బ్రాంచి ఏదని ఎవరూ అడగరు.

వ్యవధికి కొలబద్దగా మన నౌకాదళం సెయిలర్లకి తొలి శిక్షణ ఇచ్చే ఐఎన్‌ఎస్ చిల్కాని తీసుకున్నాం. ఒడిశాలో చిలికా సరస్సు పక్కన, బాలుగావ్ స్టేషన్‌కి దగ్గరలో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుర్రాళ్లకి బాగా తెలిసిన చోటు. అక్కడ అగ్నివీర్లకి 16 వారాలు. 2023 మార్చి 28న పాసవుట్ అయిన మొదటి బ్యాచ్‌లో సుమారు 2,600 మంది, వాళ్లలో 270కి పైగా అమ్మాయిలు. మా దళానికి నేల మీద 18 వారాలు, ఆ తర్వాత నౌక మీద 6 నెలల అర్హత కాలం పెట్టాం. డివిజన్‌కి 30 మంది, డివిజన్‌కి ఇద్దరు పెట్టీ ఆఫీసర్లు, అంటే సెయిలర్లలోంచే పైకొచ్చిన సీనియర్లు, వాళ్ల పైన ఒక చీఫ్. లెఫ్టినెంట్ ఉంటాడు, సంతకాలు పెడతాడు. నేర్పేది పెట్టీ ఆఫీసర్లే.

మొదటి రెండు వారాలు కదలడం, చోటు చెప్పడం. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ మిగతా సిలబస్ అంతా వీటి మీదే నిలబడుతుంది. తేలుతున్న మనిషికి ఎడమ, కుడి, పైన, కింద ఉండవు. ఇద్దరు ఒకరికొకరు తలకిందులుగా ఉంటే ఒకరి పైన ఇంకొకరికి కింద. కాబట్టి ఆ మాటలు మొదటి రోజు నుంచే నిషేధం. ప్రతి చోటుకీ చిరునామా ఉంటుంది: కంపార్ట్‌మెంట్ నంబరు, ఫ్రేమ్ (నౌక గోడని నిలబెట్టే పక్కటెముక) నంబరు, నౌక పక్క (నౌక ముందుకి చూస్తే ఎడమది పోర్ట్). “4, ఫ్రేమ్ 22, పోర్ట్” అంటే నౌకలో ఒకే ఒక్క చోటు. పట్టుకునే కడ్డీల మీద ఫ్రేమ్ నంబరు చేతికి తగిలేలా గీతలు చెక్కి ఉంటాయి. రెండో వారం చివర కళ్లకి గంత కట్టి ఒక చోట వదిలేస్తారు. ట్రైనీ కడ్డీ తడిమి తన చిరునామా చెప్పాలి, అక్కడి నుంచి దగ్గరి మాస్క్ పెట్టెకి, ఆ తర్వాత హ్యాచ్‌కి చేరాలి. 2013 జూలైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో స్పేస్‌వాక్‌లో ఉండగా హెల్మెట్‌లోకి నీళ్లు చేరి కళ్లకీ ముక్కుకీ అడ్డం వచ్చాయి. ఆయన తన తాడు లాగుతున్న వైపుని బట్టి, దారి గుర్తుని బట్టి ఎయిర్‌లాక్‌కి, అంటే కేంద్రంలోకి వెళ్లే రెండు తలుపుల గదికి, చేరుకున్నాడు. గంతల పరీక్షలో తప్పినవాడు మూడో వారంలోకి వెళ్లడు. వెనకొచ్చే డివిజన్‌తో కలిసి మళ్లీ చేస్తాడు.

ఈ దశలో ఈత కొలను మీద ఎక్కువగా ఆధారపడితే ఒక చెడ్డ అలవాటు పడుతుంది. హ్యూస్టన్‌లో నాసా కొలను 62 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు. సూట్‌లో ఉన్న మనిషిని తేలకుండా మునగకుండా బరువులు కట్టి దింపుతారు. పనుల వరస నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ నీరు కదలికని ఆపేస్తుంది: గోడని తన్నితే కొద్ది దూరం పోయి ఆగిపోతాం. అంతరిక్షంలో ఆగం, ఎదురుగా ఉన్న దానికి గుద్దుకునేదాకా పోతూనే ఉంటాం. కొలనులో వారాలు గడిపినవాడు నౌకలో గట్టిగా తన్నుకుని, మణికట్టు విరగ్గొట్టుకుంటాడు. అందుకని కొలను అయిన వెంటనే ఎయిర్ బేరింగ్ నేల మీద వారం పెట్టాం. నున్నటి నేల మీద గాలి పొరపై తేలే పీట అది, ఒక వేలితో నెట్టినా ఎటో పోతుంది. విమానంలో పారాబొలా, అంటే విల్లులా పైకి లేచి కిందికి దిగే దారిలో, ఎగరడం కూడా పెట్టాం గానీ, ఒక్కోసారి దొరికేది 20 నుంచి 25 సెకన్ల తేలికదనమే. సూట్ తొడుగులో ఒక్కో మెట్టు సరిచూసుకోవడానికి అది సరిపోతుంది.

మూడో వారం నుంచి ఏడో వారం దాకా గాలి లీక్. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

ట్రైనీలకి ముందు లెక్క చూపిస్తారు. బయట శూన్యం ఉన్నప్పుడు గాలి రంధ్రం గుండా ధ్వని వేగానికి దగ్గరగా పోతుంది. రంధ్రం ఎంత వెడల్పన్నదే అసలు సంగతి. మా 100 ఘనపు మీటర్ల గదిని మూసేసి, కొత్త గాలి ఏమీ వదలకుండా లెక్క వేస్తే, 2 మిల్లీమీటర్ల రంధ్రంతో పీడనం సగానికి పడడానికి సుమారు 30 గంటలు పడుతుంది. 1 సెంటీమీటర్ రంధ్రమైతే గంటంపావు. 5 సెంటీమీటర్లయితే 3 నిమిషాలు. ఈ మూడు అంకెలూ నిద్రలో అడిగినా చెప్పాలి, ఎందుకంటే ట్రైనీ మొదట చేయాల్సిన నిర్ణయం ఇదే: వెతికే టైం ఉందా, తలుపు మూసేసి పోవాలా?

టైం తేల్చడానికి పద్ధతి సులువుగా ఉండాలి. గేజి చూడు, ఒక నిమిషం ఆగు, మళ్లీ చూడు. 70 నుంచి 69.5కి పడిందనుకుందాం. మా హద్దు 50. అది దాటితే ఆ గదిలో మాస్క్ లేకుండా ఎవరూ ఉండకూడదు. ఇంకా 20 పడాలి, నిమిషానికి అర చొప్పున 40 నిమిషాలు. నిజానికి పీడనం తగ్గిన కొద్దీ లీక్ నెమ్మదిస్తుంది కాబట్టి 47 నిమిషాల దాకా దొరుకుతుంది. ఆ ఏడు నిమిషాలు ట్రైనీకి చెప్పం. తక్కువ లెక్కతో బయటపడినవాడికి నష్టమేమీ లేదు.

ఈ అభ్యాసంలో తరచూ దొర్లే తప్పు, ఉష్ణోగ్రత చూడకపోవడం. హీటర్ ఆగి గది 3 డిగ్రీలు చల్లబడితే, ఎక్కడా చిల్లు లేకుండానే పీడనం దాదాపు 0.7 పడుతుంది. లీక్ అని అరిచి నౌకంతా లేపినవాణ్ణి తిట్టొద్దని పెట్టీ ఆఫీసర్లకి కచ్చితంగా రాసిపెట్టాం, తిడితే రేపు నిజం లీక్‌కీ నోరు తెరవడు. అయితే రెండు గేజీలూ కలిపి చదివేదాకా ఆ అభ్యాసం అతనితో మళ్లీ మళ్లీ చేయిస్తారు.

పని వరస: అరుపు, చేరిక, పని. చూసినవాడు ముందు చిరునామాతో సహా అరుస్తాడు. అందరూ తప్పించుకునే నౌకకి దారి ఉన్న వైపు చేరి తలలు లెక్కపెడతారు. అప్పుడే వెతకడం మొదలు. హీరోలు పుట్టేది చేరిక అన్న మధ్య మెట్టు దాటేసినప్పుడు, చచ్చేదీ అప్పుడే. లీక్‌కీ తప్పించుకునే దారికీ మధ్య ఎవరూ ఉండకూడదన్నది దీని వెనకున్న కారణం.

వెతకడానికి మా కిట్‌లో ఒక చిన్న పొట్లం తేయాకు పెట్టాం. కథ కోసం అల్లింది కాదిది. 2020 అక్టోబరులో అంతరిక్ష కేంద్రంలోని రష్యా భాగం జ్వెజ్దాలో గాలి నెమ్మదిగా పోతుంటే, గది గదిగా తలుపులు మూసి జాడ తీశాక, చివరికి తేయాకు గాల్లో వదిలి అవి ఎటు కొట్టుకుపోతున్నాయో కెమెరాలో చూసి పగులు పట్టుకున్నారు. మా అభ్యాసంలో ఫ్యాన్లు ఆపి, అందరినీ కదలొద్దని చెప్పి, ఆకు వదలాలి. ఫ్యాన్ ఆపకుండా వదిలితే ఆకు పోయి ఫిల్టర్‌కి అంటుకుంటుంది, ట్రైనీ ఫిల్టర్ వెనక ప్యానెల్ అంతా విప్పుకుని కూర్చుంటాడు.

రంధ్రం దొరికాక అతుకు. ఓడ మీద పనిచేసివచ్చినవాళ్లకి ఇక్కడే చేయి తిరగబడుతుంది. ఓడలో నీరు బయటి నుంచి లోపలికి తోస్తుంది కాబట్టి ప్యాచ్‌ని నెట్టేయకుండా వెనక దుంగలు, చీలలు బిగించి నిలబెట్టాలి. ఇక్కడ లోపలి గాలే ప్యాచ్‌ని గోడకేసి అదుముతుంది. 1 సెంటీమీటర్ రంధ్రం మీద పడే బలం అరకిలోకి కాస్త పైన, అంతే, వేలు పెట్టి ఆపొచ్చు. 5 సెంటీమీటర్ల దాని మీద దాదాపు 14 కిలోలు. మనిషిని చిల్లులోంచి పీల్చేసుకుంటుందన్న సినిమా భయం ఈ లెక్కతో పోతుంది, అయితే వట్టి అరచేయి పెడితే చర్మం కమిలిపోతుంది. మా కిట్‌లో 15, 30 సెంటీమీటర్ల అల్యూమినియం బిళ్లలు ఉన్నాయి, ఒక వైపు రబ్బరు పొరతో. వట్టి రబ్బరు షీటు పెద్ద రంధ్రంలోకి ఉబ్బి చిరిగిపోతుంది, అందుకే వెనక లోహం. గోడ అంచు రేకుల్లా లోపలికి లేచి ఉంటే బిళ్ల చదునుగా కూర్చోదు. దానికి మూకుడులా బోలుగా ఉన్న ప్యాచ్ వాడాలి. ఓడల్లో పెట్టె ఆకారపు ప్యాచ్ చేసే పనే.

చిన్న రంధ్రాలకి ఎపాక్సీ, అంటే రాయిలా గట్టిపడే జిగురు. 2018 ఆగస్టులో అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న రష్యా నౌక సోయుజ్‌లో 2 మిల్లీమీటర్ల చిల్లు కనపడితే, ముందు టేపు వేసి, తర్వాత ఎపాక్సీలో తడిపిన గాజుగుడ్డతో మూశారు. ఆ వరసే ముఖ్యం. గాలి పోతుండగా నేరుగా జిగురు పూస్తే అది గట్టిపడేలోపే బయటికి ఊడిపోతుంది. టేపుతో ప్రవాహం ఆపు, గోడ పొడిగా తుడువు, వేడి గాలితో కాస్త వెచ్చబెట్టు, అప్పుడు గుడ్డ. బయటి గోడ చల్లగా ఉంటుంది కాబట్టి వెచ్చబెట్టకపోతే ఎపాక్సీ గంటలైనా మెత్తగానే ఉంటుంది. నేల మీది వర్క్‌షాపులో బాగా కుదిరిన అతుకు చల్లటి ప్లేటు మీద వేయించగానే చాలామందికి ఊడొస్తుంది. అందుకే శిక్షణ ప్లేట్లన్నీ శీతల పెట్టెలోంచి తీసినవే వాడాలని రాశాం.

తలుపుల సంగతి దీనికన్నా గట్టిది. మా 80 సెంటీమీటర్ల హ్యాచ్‌కి ఒక వైపు 70, ఇంకో వైపు శూన్యం ఉంటే దాని మీద మూడున్నర టన్నుల బలం. అది సరే, ఎవరూ తీయాలని చూడరు. మోసం చేసేది చిన్న తేడా. రెండు గదుల మధ్య 2 కిలోపాస్కల్స్ తేడా ఉంటే గేజిలో కనిపించీ కనిపించనట్టుంటుంది, తలుపు మీద మాత్రం 100 కిలోలు. తేలుతున్న మనిషి కాళ్లు ఆనించుకోకుండా 10 కిలోలు కూడా లాగలేడు. భయంతో హ్యాండిల్ పట్టుకుని ఊగుతూ ఉంటాడు. చేయాల్సింది ఇది: పాదాలు పట్టీలో దూర్చు, గేజి చదువు, సమానం చేసే వాల్వు పావు చుట్టు తిప్పు, ఈల శబ్దం ఆగేదాకా ఆగు, అప్పుడు హ్యాండిల్. చీకట్లో, చేతికి గ్లవ్ ఉండగా చేయించాలి. తొందర మనిషి వాల్వు పూర్తిగా తిప్పేస్తాడు, తేడా ఎక్కువుంటే అవతల గదిలో పీడనం దభేలున పడి అక్కడివాళ్ల చెవులు దెబ్బతింటాయి.

హ్యాచ్ గుండా వైరు గానీ పైపు గానీ పోవద్దన్నది మా దళంలో ఉరిశిక్షంత కఠినమైన నియమం. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ సరుకు నౌక రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌కి గుద్దుకుని స్పెక్టర్ మాడ్యూల్‌కి చిల్లు పడింది. హ్యాచ్ మూయబోతే దాని గుండా కేబుళ్లు పోతున్నాయి. వాటిని విడదీసి, కోసి, తలుపు మూసేదాకా గాలి పోతూనే ఉంది. తప్పనిసరిగా పోవాల్సిన పైపుకి ఒక్క తిప్పుతో ఊడే జాయింటు ఉండాలి, పక్కనే దాని పేరు రాసి ఉండాలి. రోజూ వాచ్ మారేటప్పుడు కొత్తగా వచ్చినవాడు తన గది హ్యాచ్‌ని చేత్తో నిండా మూసి తీసి చూడాలి. చూశానని చెబితే చాలదు.

ఎనిమిది నుంచి పదకొండో వారం నిప్పు. బరువు లేని చోట వేడి గాలి పైకి లేవదు, అందుకే మంట గుండ్రని ఉండలా, నెమ్మదిగా కాలుతుంది. ఫ్యాన్ ఊదుతున్నంతసేపే దానికి కొత్త ఆక్సిజన్. కాబట్టి మొదటి పని గాలి ప్రవాహం ఆపడం, రెండోది ఆ ప్యానెల్‌కి కరెంటు తీయడం, ఎందుకంటే నౌకలో నిప్పు ఎక్కువగా వైర్లలోనే పుడుతుంది. ఈ రెండింటికన్నా ముందు మాస్క్. నిప్పు చూడగానే ఆర్పే సిలిండర్ మీదికి చేయి పోవడం మనిషి సహజం. ఆ చేతిని మాస్క్ వైపు తిప్పడానికే నాలుగు రోజులు పోతాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ని మూసిన గదిలో కొడితే మంటతో పాటు మనిషినీ పడేస్తుంది.

సిలిండర్ కొట్టగానే దాని తోపుకి మనిషి వెనక్కి పోతాడు. పాదం పట్టీలో లేకపోతే అర నిమిషంలో ఎదుటి గోడకి చేరి, మంట మీద కాకుండా దీపాల మీద కొడుతుంటాడు. ఇంకొకటి, సిలిండర్ గోడకి ఎలా బిగించి ఉందన్నది. 1997 ఫిబ్రవరిలో మీర్‌లో ఆక్సిజన్ డబ్బా అంటుకున్నప్పుడు కొన్ని సిలిండర్లు గోడ నుంచి ఊడిరాలేదు. ప్రయాణం కోసం వేసిన బిగింపులు ఎవరూ తీయలేదు. కొన్ని మాస్క్‌లూ పనిచేయలేదు. ఆ మంట, తిరిగి భూమికి తీసుకొచ్చే రెండు సోయుజ్‌లలో ఒకదాని దారికి అడ్డంగా వచ్చింది. మా శిక్షణ నౌకలో అందుకే వారానికోసారి ప్రతి సిలిండర్నీ, ప్రతి మాస్క్‌నీ ట్రైనీలే ఊడదీసి, తొడిగి, తూకం రాసి, మళ్లీ పెడతారు.

ఆర్పాక ఫ్యాన్లు వెంటనే వేయకూడదు. లోపల కనకనలాడుతున్న వైరుకి గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. అలాగని ఆపి ఉంచితే పొగ పసిగట్టే పరికరం దగ్గరికి గాలే రాదు, మనుషుల ముఖాల చుట్టూ వాళ్లు వదిలిన ఊపిరే పోగవుతుంది. మేం 20 నిమిషాలు హద్దు పెట్టాం, ఆ ఇరవై నిమిషాలూ ఒకడు చేతిలో మీటర్ పట్టుకుని ప్యానెల్ వేడి చూస్తూ ఉంటాడు.

కార్బన్ డయాక్సైడ్‌కి ఒక్క వారం చాలు. మనిషి రోజుకి దాదాపు కిలో వదులుతాడు. గాలి శుద్ధి ఆగిన మా గదిలో ఆరుగురు ఊరికే కూర్చుంటే సుమారు 10 గంటల్లో 2 శాతానికి చేరుతుంది, చెమటపట్టేలా పనిచేస్తే చాలా ముందే. తలనొప్పి, విసుగు, చిన్న లెక్క తప్పడం: ఈ మూడూ కలిసి కనిపిస్తే పక్కవాడు చెప్పాలి, ఎందుకంటే ఆ మనిషికి తనంతట తనకి తెలియదు.

పదమూడో వారం నుంచి సూట్. లక్ష్యం ఇద్దరు కలిసి 90 సెకన్లలో తొడుక్కోవడం. కాళ్లు, మొండెం, హెల్మెట్, ఆఖర్న గ్లవ్స్. గ్లవ్స్ ముందేసుకుంటే మెడ రింగ్ లాక్ వేళ్లకి తెలియదు. పక్కవాడు రింగ్ చుట్టూ వేలితో తడిమి, ఒకసారి లాగి చూస్తాడు. సీల్‌లో ఇరుక్కునే వెంట్రుకే అన్నిటికన్నా ఎక్కువగా లీక్ పెడుతుంది. జుట్టు ఎంత పొడుగున్నా ఫర్వాలేదు, టోపీ లోపల ఉండాలి. శూన్యంలో పడితే ఊపిరి బిగబట్టొద్దన్నది ఇంకో పాఠం. బిగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి, నోరు తెరిచి వదిలేయాలి. 1966లో నాసా శూన్య గదిలో ఒక సాంకేతికుడి సూట్ గొట్టం ఊడిపోతే సుమారు 14 సెకన్లకి స్పృహ పోయింది, నాలుక మీద తడి పొంగినట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు, మనిషి బతికాడు. మా సిలబస్ ఆ లెక్కనే పట్టుకుంది: నీకున్నది 10 సెకన్ల తెలివి, ఒకే ఒక్క పని చేయగలవు, అదేమిటో ఇప్పుడే అనుకుని ఉంచుకో.

ఊపిరి వదిలే అలవాటుని మేం జలాంతర్గామి వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. మునిగిన జలాంతర్గామి నుంచి పైకి వచ్చేవాడికీ పీడనం తగ్గుతూనే ఉంటుంది, బిగబడితే అదే ప్రమాదం. విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలో 2024 సెప్టెంబరులో మొదలైన ‘వినేత్ర’ కల్వరి తరగతి జలాంతర్గాముల వాళ్లకి ఈ తప్పించుకునే శిక్షణ ఇచ్చే చోటు. 5 మీటర్ల టవర్, పక్కనే డైవింగ్ బేసిన్. మా కథలోని శిక్షణ కేంద్రంలో అలాంటి టవరే పెట్టాం. నీళ్లలో తప్పు చేస్తే పైన డాక్టరు ఉంటాడు, అంతరిక్షంలో తప్పు చేసి నేర్చుకునే వీల్లేదు.

నౌక మీదికి వెళ్లిన మొదటి మూడు రోజులు సూట్ ముట్టనివ్వం. కొత్తగా తేలేవాళ్లలో ఎక్కువమందికి ఆ రోజుల్లో కడుపులో తిప్పుతుంది, కొందరికి వాంతులు అవుతాయి, హెల్మెట్‌లో వాంతి అంటే ఊపిరి ఆగడమే. షటిల్ రోజుల్లోనూ స్పేస్‌వాక్‌ని మొదటి రెండు మూడు రోజులు తప్పించే పెట్టేవారు. పరికరాలకి తాడు కట్టడం కూడా ఇక్కడే అలవాటు చేస్తాం. 2008 నవంబరులో స్పేస్‌వాక్‌లో సంచిలోని గ్రీజ్ గన్ లీకైంది. తుడుస్తుండగా సంచి మొత్తం చేజారి పోయింది. సంచిలోని వస్తువుకి తాడు, సంచికి తాడు, మనిషికి తాడు. ఒకటి విప్పే ముందు రెండోది తగిలించాలి.

పద్దెనిమిదో వారంలో ఒక రాత్రి. అమెరికాలో గ్రేట్ లేక్స్ దగ్గర రిక్రూట్లకి భవనం లోపలే కట్టిన 210 అడుగుల యుద్ధనౌక నమూనాలో రాత్రంతా, సుమారు 12 గంటలు, వరసగా ప్రమాదాలు పెడతారు. మాదీ అలాంటిదే. తేడా ఒక్కటి: మా పరీక్షలో మధ్యలో నాయకుణ్ణి తీసేస్తారు. పెట్టీ ఆఫీసర్ వచ్చి భుజం తట్టి “నువ్వు పోయావు” అంటాడు, అతను నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత 30 మందిలో అరుపు, చేరిక, పని వరస ఎవరి నోట వస్తుందో చూస్తారు. వరస తప్పిన డివిజన్ మొత్తం మళ్లీ చేస్తుంది. తెలివైన ఒక్కడు అందరినీ లాక్కొచ్చిన డివిజన్‌ని కూడా మేం ఫెయిల్ చేశాం. దీని మీద మాలో మాకు ఇంకా పేచీ ఉంది, నేను మాత్రం మార్చనన్నాను.

పాసైనవాడు నౌక మీదికి వెళ్తే చేతికి అర్హత పుస్తకం ఇస్తారు. జలాంతర్గామి వాళ్ల పద్ధతి: వంటగదివాడైనా, రేడియోవాడైనా, నౌకలోని ప్రతి గొట్టాన్నీ మొదటి నుంచి చివరి దాకా చేత్తో పట్టుకుని వెళ్లి, కాగితం మీద గీసి, ఆ విభాగం చీఫ్ ముందు వివరించాలి. ఆక్సిజన్, చల్లదనం, కరెంటు, నీరు, హైడ్రాలిక్స్, మంటలార్పే వ్యవస్థ, హ్యాచ్‌లు. ఒక్కోదానికి ఒక సంతకం, ఒకే చీఫ్ రెండు పెట్టకూడదు. అన్ని సంతకాలూ పూర్తయ్యేదాకా అతను ఒంటరిగా వాచ్ చేయడానికి వీల్లేదు, ఎవరో ఒకరు తోడు ఉండాలి, అంటే అతని వల్ల ఇంకొకరి నిద్ర పోతుంది. అందుకే పాతవాళ్లే వెంటపడి నేర్పిస్తారు. ఆరు నెలలకీ పుస్తకం నిండకపోతే మూడు వారాల గడువు, ఆ తర్వాత నేల మీదికి, మళ్లీ మూడో వారంలోకి.